వినుట, చూచుట, కాపరి సేవ: బధిరుల కౌన్సెలింగ్‌పై ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతము

మన సెమినరీలలో కాపరి కౌన్సెలింగ్ బోధించునప్పుడు మొదటి తరగతిలోనే చెప్పబడు మాట ఒకటున్నది: మంచి కౌన్సెలర్ మొదట మంచి శ్రోత. ఎదుటివాని మాటకు అడ్డురాక, తీర్పు తీర్చక, ఓపికతో వినుటయే ఈ సేవకు పునాది అని మనము నేర్చుకొన్నాము, మన విద్యార్థులకు నేర్పుతున్నాము. ఈ మాటలో తప్పేమీ లేదు. అయితే ఎదుట కూర్చున్నవారు బధిరులైనప్పుడు ఈ పునాది ఏమగును? వారి భాష చేతులలో, ముఖములో, చూపులో ఉన్నది. ఆ భాష మనకు రాదు. అట్టి సమయములో మనము చేయు పని ఏమనగా, వెంట వచ్చిన తల్లినో అన్ననో చూచి, "ఏమంటున్నారో మీరు చెప్పండి" అని అడుగుట. ఆ క్షణమునుండి మన సంభాషణ తల్లితో జరుగును. ఎవరి నిమిత్తము కూర్చున్నామో ఆ వ్యక్తి ప్రేక్షకుడైపోవును.

బధిరుల మానసిక క్షేమము విషయములో మన కాపరి కౌన్సెలింగ్ విఫలమగుటకు కారణము ప్రేమ లేకపోవుట కాదనియు, ఆ విద్య తన పునాదిలోనే మాటను, చెవిని ఆధారము చేసికొని ఉండుటయే అనియు ఈ వ్యాసములో చూపుటకు ప్రయత్నిస్తున్నాము. అందు నిమిత్తము మూడింటిని విమర్శకు పెడుతున్నాము: మనము చదువుకొన్న కౌన్సెలింగ్ సంప్రదాయము, దానిని ఎదిరించిన పాశ్చాత్య బధిర సాహిత్యము, మన ప్రసంగ పీఠము. హైదరాబాదు ఉత్తర శివారులలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమును దృష్టిలో ఉంచుకొని వ్రాస్తున్నాము.

పదముల గూర్చి ఒక మాట. "చెవిటి", "మూగ" అను మాటలు మన తెలుగు బైబిలులో ఉన్నవి గనుక ప్రసంగములలో నేటికీ వినబడుతున్నవి. వీధిలో అవి తిట్లుగా మారినవి. పైగా సైగల భాషలో ధారాళముగా మాటలాడు వ్యక్తిని మూగ అనుట వాస్తవమునకే విరుద్ధము. అందువలన "బధిరులు" అను పదమునే వాడుతున్నాము.

2. ప్రాంతీయ నేపథ్యము

సికింద్రాబాదు నుండి ఉత్తరముగా రెండు దారులు పోవుచున్నవి. 44వ జాతీయ రహదారి బోయినపల్లి, కొంపల్లి మీదుగా మేడ్చల్‌కు చేరును. రాజీవ్ రహదారి అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేటకు చేరును. ఔటర్ రింగు రోడ్డు ఈ రెండింటిని కలుపుతున్నది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఈ ప్రాంతమున్నది. ఫ్యాక్టరీలు, గోదాములు, కొత్త కాలనీలు, వాటి నడుమ పాత పల్లెలు, అన్నింటిలో ప్రార్థనా మందిరములు ఉన్నవి. బైబిలు కళాశాలలకును ఇక్కడ కొదువ లేదు.

బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రము ఉన్నది. వాక్కు, వినికిడి లోపములను గూర్చి పనిచేయు ఈ సంస్థ 1983లో బొంబాయిలో స్థాపించబడినది. అది ఎవరి పేరును ధరించినదో ఆయన హైదరాబాదువాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా పనిచేసినవాడు. ఇటు శామీర్‌పేటలో హక్కులను, చట్టమును బోధించు నల్సార్ విశ్వవిద్యాలయమున్నది. చెవిని పరీక్షించువారు, హక్కులను బోధించువారు, వాక్యమును బోధించువారు ఒకే దిక్కున, ఒక గంట ప్రయాణము లోపల ఉన్నారు. అయినను ఒక బధిర యువతి తన దుఃఖమును తన భాషలో ఏ కాపరితో చెప్పుకొనగలదో మనలో ఎందరము చెప్పగలము?

2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో వికలాంగులు 2.68 కోట్లు. వారిలో వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైబడినవారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము రెండు చెవులలోను 70 డెసిబెళ్ళ లోపము గలవారిని బధిరులుగా నిర్వచించినది. సదరం శిబిరములో ఇచ్చు ధ్రువపత్రములో శాతము వ్రాసియుండును. ఈ కొలత పింఛనుకు, బస్సు పాసుకు అవసరమే. అయితే అది చెవిని కొలుచునే గాని, ఆ వ్యక్తికి ఏ భాష వచ్చునో, ఎవరితో మాటలాడగలడో, ఇంటిలో ఎంత ఒంటరియో కొలువదు. కాపరికి కావలసినది ఈ రెండవ సమాచారము.

3. ఒక ఉదాహరణ

తరగతిలో చర్చించుటకు మేము కూర్చిన ఒక పరిస్థితిని ఇక్కడ ఉంచుతున్నాము. ఇది ఏ ఒక్కరి కథయు కాదు. పాఠకులైన కాపరులకు ఇది కొత్తగా తోచదని తలంచుతున్నాము.

శామీర్‌పేట దగ్గరి పల్లెలో ఒక విశ్వాసుల కుటుంబము. వారి కుమార్తె పుట్టు బధిరురాలు, వయస్సు 24. మేడ్చల్ దారిలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేస్తూ, తోటి బధిర యువతులతో అద్దె గదిలో ఉంటూ, ఆదివారము ఇంటికి వచ్చును. పనిచేయు చోట ఒక బధిర యువకుడు పరిచయమయ్యాడు. అతనినే వివాహము చేసికొనవలెనని ఆమె కోరిక. తల్లిదండ్రులు మేనబావతో సంబంధము ఖాయము చేసినారు. అతనికి వినబడును గనుక అమ్మాయికి ఆసరాగా ఉంటాడని వారి ఆలోచన. ఆమె అన్నము మానినది, తలుపులు బాదినది, రాత్రులు ఏడ్చినది. తల్లి ఆమెను కాపరి వద్దకు తీసికొని వచ్చి, "అయ్యగారూ, పిల్లకు ఏదో పట్టింది. ప్రార్థన చేయండి" అన్నది.

కాపరి ప్రేమగలవాడు. "ఏమమ్మా, నీ బాధ ఏమిటి?" అని గట్టిగా అడిగినాడు. తల్లి బదులు చెప్పినది: "కోపం ఎక్కువైందయ్యగారూ, మాట వినడం లేదు." తల్లికి తెలిసినవి ఇంటి సైగలు మాత్రమే. తిను, పడుకో, రా, పో, డబ్బు, నాన్న కొట్టును. "ఎందుకు?" అని అడుగు సైగ ఆ ఇంటిలో లేదు. తరువాత అందరును కన్నులు మూసికొన్నారు. కాపరి ఆమె తలపై చేయి ఉంచి బిగ్గరగా ప్రార్థించినాడు. ఆమె మాత్రము కన్నులు తెరచి, మూసియున్న కన్నుల మధ్య కూర్చున్నది.

ఇక్కడ జరిగిన పొరపాట్లను వరుసగా చూడవలెను. ఆమెకు తెలిసిన భాషలో ఒక్క ప్రశ్నయు అడుగబడలేదు. తగవులో ఒక పక్షమైన తల్లియే అనువాదకురాలైనది, కనుక రహస్యమునకు చోటే లేదు. భాష లేక బయటపడిన దుఃఖము దయ్యముగా పేరు పొందినది. చివరకు ప్రార్థన సహితము ఆమె నోరు మూసినది, ఏలయనగా కన్నులు మూసి చేతులు జోడించుమనుట బధిరులకు వినుటను, మాటలాడుటను రెండింటిని ఆపుమని చెప్పుటయే.

4. మన కౌన్సెలింగ్ సంప్రదాయము

ఆ కాపరి తప్పిపోయినది ఎక్కడ? తాను నేర్చుకొన్నదానిని మరచుట వలన కాదు, నేర్చుకొన్నదే సరిపోకపోవుట వలన. ఆంటన్ బోయ్‌సెన్ 1925లో అమెరికాలోని వూస్టర్ ఆసుపత్రిలో వేదాంత విద్యార్థులకు శిక్షణ ప్రారంభించినప్పుడు, పుస్తకములతో పాటు సజీవులైన మనుష్యులను కూడ పత్రములవలె చదువవలెనని కోరినాడు. తరువాత కార్ల్ రోజర్స్ పద్ధతి మన రంగములో ప్రవేశించినది. వచ్చినవారి భావములను గ్రహించి, తిరిగి వారికే అద్దమువలె చూపుట దాని సారము. 1966లో హోవర్డ్ క్లైన్‌బెల్ గ్రంథము ఈ ధోరణులను కాపరులకు అందుబాటులోనికి తెచ్చినది. వీరికి మనము ఎంతో ఋణపడియున్నాము. ఆజ్ఞలు జారీ చేయు కాపరిని కూర్చుండబెట్టి విననిచ్చినవారు వీరే.

అయితే వీరి పనిముట్లను ఒక్కసారి పరిశీలించండి. మృదువైన కంఠస్వరము, "ఊఁ" కొట్టుట, సందర్భోచితమైన మౌనము, స్వరములోని వణుకును పట్టుకొనుట. ఇవన్నియు ధ్వనికి సంబంధించినవే. మనము విద్యార్థులచే వ్రాయించు వెర్బాటిమ్ నివేదికను తీసికొనండి. పై ఉదాహరణకు మన విద్యార్థి వెర్బాటిమ్ వ్రాసినచో, కుమార్తె పేరు క్రింద తల్లి మాటలు వ్రాయును. దానిని దిద్దు అధ్యాపకులమైన మనకు ఆ తేడా కనబడదు. బోయ్‌సెన్ చెప్పిన పత్రము మన ముందే ఉన్నది, కాని అది వ్రాయబడిన లిపి మనకు రాదు.

సంస్కృతులను గౌరవించవలెనని చెప్పిన గ్రంథములు మన పాఠ్యప్రణాళికలో లేకపోలేదు. డేవిడ్ ఆగ్స్‌బర్గర్ 1986లోను, ఇమ్మానుయేలు లార్టే 1997లోను ఈ దిశగా వ్రాసినారు. కాని వాటిని చదివిన మన విద్యార్థులు సంస్కృతి అనగానే కులమును, ప్రాంతమును, మతమును తలంచుదురే గాని, తమ సంఘములో వెనుక బెంచీపై కూర్చున్న బధిరునికి ఒక భాష, ఒక సమాజము ఉండవచ్చునని తలంచరు. అతడు వారి దృష్టిలో స్వస్థత ప్రార్థనకు సంబంధించిన అంశము మాత్రమే.

ముఖకవళికల విషయము మరియు ముఖ్యము. సైగల భాషలో కనుబొమలు, తల కదలిక వ్యాకరణములో భాగము. కనుబొమలు మార్చి ప్రశ్నింతురు, తల ఊపి కాదందురు. భాష తెలియని కౌన్సెలర్‌కు ఇది కోపముగానో ఆవేశముగానో తోచును. అట్లే ఒకరిని వారి మచ్చతోనో, గడ్డముతోనో గుర్తించి సైగ పేరు పెట్టుట బధిరులలో సహజము, అవమానము కాదు. ఈ సంగతులు తెలియక మన నోట్సులో "దురుసు స్వభావము" అని వ్రాసినచో, మన అజ్ఞానమును వారి రోగముగా వ్రాసినవారమగుదుము.

5. పాశ్చాత్య బధిర సాహిత్యము: బలము, పరిమితి

1880లో మిలాను నగరములో జరిగిన బధిర విద్యా మహాసభ సైగలను ప్రక్కకు నెట్టి నోటి మాటనే బోధనా మార్గముగా తీర్మానించినది. ఆ తీర్మానమును 2010లో వాంకోవరులో జరిగిన మహాసభ నిరాకరించువరకు 130 సంవత్సరములు గడచినవి. ఈ మధ్యలో 1960లో విలియం స్టోకీ సైగల భాషకు స్వంత నిర్మాణము ఉన్నదని చూపినాడు. భారతదేశములో మదన్ వశిష్ఠ, జేమ్స్ వుడ్‌వర్డ్ మొదలైనవారు ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు సైగల నిఘంటువులను 1980 దశకములో వెలువరించినారు.

ఈ పరిశోధనల వెనుకనే బధిరత్వమును సంస్కృతిగా చూచు సాహిత్యము వచ్చినది. 1988లో కరోల్ పాడెన్, టామ్ హంఫ్రీస్, 1992లో హార్లన్ లేన్, 2003లో ప్యాడీ లాడ్ వ్రాసిన గ్రంథములు ఇందులో ప్రసిద్ధములు. కౌన్సెలింగ్ రంగములో 1996లో నీల్ గ్లిక్‌మన్, మైకేల్ హార్వే కలిసి వెలువరించిన సంకలనము బధిరుల సంస్కృతిని గౌరవించు చికిత్సను ప్రతిపాదించినది. లోపమును సరిచేయు వైద్యునివలె గాక, వేరొక భాషా సమాజములోనికి ప్రవేశించు అతిథివలె కౌన్సెలర్ రావలెనన్నదే ఈ ధోరణి సారమని మేము గ్రహించాము. దీనిని మేము మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాము. 2012లో లాన్సెట్ పత్రికలో ఫెలింగర్, అతని సహచరులు ప్రకటించిన సమీక్ష కూడ దీనికి బలమిచ్చుచున్నది. ఇంటిలో తమ మాట అర్థము చేయించలేని బధిర పిల్లలకు మానసిక సమస్యలు కలుగు అవకాశము, ఇంటివారితో చక్కగా సంభాషించగలవారికంటె నాలుగు రెట్లు అధికమని అందులో తెలిపినారు. గాయము చెవిలో కంటె భోజనపు పళ్ళెముల దగ్గర ఎక్కువగా ఉన్నది. అందరును నవ్విరి, ఎందుకని అడిగితే "తరువాత చెప్తాంలే" అన్నారు, ఆ తరువాత ఎన్నడును రాలేదు. ఇరువది సంవత్సరములు ఇట్లు గడచిన మనస్సును మనము ఊహించవలెను.

అయితే ఈ సాహిత్యమును యథాతథముగా మేడ్చల్‌కు తెచ్చుట సరికాదు. మొదటిది, అది స్థిరమైన బధిర పాఠశాలలు, తరతరములుగా అందివచ్చిన సైగల భాష గల సమాజములను ఆధారము చేసికొనినది. మన పల్లెలనుండి వచ్చువారిలో ఎందరో ఇంటి సైగలతో పెరిగి, హాస్టలులోనో, పని చేయు చోటనో, స్నేహితుల వలననో ఆలస్యముగా భాషను పొందినవారు. "నిరాశ", "అపరాధ భావము" వంటి మాటలకు సైగ తెలియకపోవచ్చును. వారికి చేతిలో తెలుగు ప్రశ్నాపత్రము పెట్టి టిక్కులు పెట్టించుట పరీక్షే గాని కౌన్సెలింగ్ కాదు.

రెండవది, కుటుంబము. వినగల తల్లిదండ్రులను అణచువారుగా చూచు ధోరణి కొన్ని పాశ్చాత్య రచనలలో కనబడును. మన తల్లి అణచునది కాదు, భయపడినది. మేనరికములలో వంశపారంపర్య వినికిడి లోపము సంభవించు అవకాశము హెచ్చు అను సంగతి ఆమె చెవినబడియుండును. అత్తింటివారు ఆమెనే నిందించియుండవచ్చును. ప్రార్థనలో ఎవరో శాపమని కూడ అనియుండవచ్చును. ఇరవై నాలుగేండ్లుగా ఆమెకు ఎవరును కౌన్సెలింగ్ చేయలేదు. ఆమెను గదినుండి పంపివేయుట అవసరమే, కాని తరువాత ఆమెతో వేరుగా కూర్చుండుట కూడ అంతే అవసరము. యోహాను సువార్త 9వ అధ్యాయములో గ్రుడ్డివాని గూర్చి పాపము ఎవరిదని శిష్యులు అడుగగా యేసు ఆ లెక్కనే త్రోసివేసిన సంగతిని ఆమెకు చెప్పవలసినవారము మనమే.

మూడవది, ఒంటరి వ్యక్తిని కేంద్రముగా చేసికొనుట. మిషెల్ ఫ్రీడ్‌నర్ బెంగుళూరు బధిరుల గూర్చి 2015లో వెలువరించిన గ్రంథములో, బధిరులు ఒకరికొకరు అర్థము చేయించుటను నైతిక బాధ్యతగా ఎంచుకొందురని చూపినారు. ఒకరికి తెలిసినది మరొకరికి చెప్పనిదే వారు తృప్తిపడరు. ఇది మనకు ఎంతో విలువైన సంగతి. మూసిన గదిలో ఇద్దరే కూర్చుండు పద్ధతితో పాటు, తోటి బధిరులు ఒకరినొకరు ఓదార్చుకొను కూడికకు మన కౌన్సెలింగ్‌లో చోటుండవలెను. అద్దె గదిలోని ఆమె స్నేహితురాండ్రే ఇంతవరకు ఆమెకు కౌన్సెలర్లుగా ఉన్నారు.

6. మన ప్రసంగ పీఠము

కౌన్సెలింగ్ గది ఆదివారపు ప్రసంగమునుండి వేరుగా ఉండదు. వినని సంఘమును మందలించుటకు "చెవిటివాని ముందు శంఖము ఊదినట్లు" అను సామెతను మనము ఎన్నిమారులు వాడినాము? వినకపోవుటను అవిధేయతకు గురుతుగా వాడినప్పుడు, ముందు వరుసలో నున్న బధిరుని తల్లి ఏమి గ్రహించును?

రోమా పత్రిక 10వ అధ్యాయములో విశ్వాసమునకు వినుటను మార్గముగా పౌలు చెప్పుట కొందరికి అడ్డమైనది. ఆగస్టీను బధిరుల గూర్చి వ్రాసిన ఒక మాటను కూడ తరువాతివారు ఈ అర్థములోనే తీసికొన్నారు. కాని అదే ఆగస్టీను "డి మజిస్ట్రో" అను గ్రంథములో బధిరులు సైగలతో సంభాషించుటను ప్రస్తావించినాడు. పౌలు మాట వర్తమానము అందుటను గూర్చినది, చెవి నరమును గూర్చినది కాదు. పెంతెకొస్తు దినమున ప్రతివానికి తన సొంత భాషలోనే వర్తమానము అందినదని నమ్మువారమైన మనము, సైగలను ఆ భాషల జాబితానుండి తీసివేయుటకు ఏ ఆధారము చూపగలము? లూకా మొదటి అధ్యాయములో జెకర్యాతో బంధువులు సైగలతోనే మాటలాడినారు. నిర్గమకాండము 4వ అధ్యాయములో బధిరుని కూడ తన సృష్టిగానే దేవుడు చెప్పుకొన్నాడు. లేవీయకాండము 19వ అధ్యాయము బధిరుని దూషించుటను నిషేధించినది.

మార్కు 7వ అధ్యాయములోని సంఘటనను గూర్చి ఒక అభ్యంతరము రావచ్చును: "యేసు అతనిని స్వస్థపరచినాడు గదా, మనము కూడ స్వస్థతకే ప్రార్థించవద్దా?" స్వస్థతను మేము కాదనుట లేదు. అయితే ఆ వాక్యభాగములోని క్రమమును గమనించండి. ఆయన అతనిని జనసమూహము నుండి ఏకాంతమునకు తీసికొనిపోయినాడు. చెవులను, నాలుకను ముట్టినాడు. ఆకాశము వైపు చూచినాడు, నిట్టూర్చినాడు. ఇవన్నియు కంటికి కనబడునవి, చర్మమునకు తెలియునవి. ఎప్ఫతా అను మాటకు ముందే, ఆ మనుష్యునికి తనకేమి జరుగుచున్నదో తెలిసినది. మన స్వస్థత కూడికలలో దీనికి వ్యతిరేకముగా బధిరుని వేదిక మీదికి ఎక్కించి, మైకు ముందు "హల్లెలూయ" అనిపించుటకు ప్రయత్నింతుము. కాథీ బ్లాక్ 1996లో వైకల్యము, ప్రసంగము అను అంశముపై వ్రాసిన గ్రంథము, హన్నా లూయిస్ 2007లో వ్రాసిన బధిర విమోచన వేదాంతము మన ప్రసంగ శాస్త్ర తరగతులలో చదువదగినవి.

7. ప్రతిపాదనలు

మొదటిది, కుటుంబ సభ్యులను, సంఘ సభ్యులను అనువాదకులుగా వాడరాదు. శిక్షణ పొందిన సైగల భాషా అనువాదకుని పిలువవలెను. అతడు కౌన్సెలర్ ప్రక్కన, కొద్దిగా వెనుకగా కూర్చుండవలెను. కౌన్సెలర్ మాత్రము బధిర వ్యక్తినే చూచి మాటలాడవలెను. 2013 సవరణ తరువాత సాక్ష్య చట్టము సహితము మాటలాడలేని సాక్షికి అనువాదకుని, వీడియో చిత్రీకరణను కోరినది. న్యాయస్థానము పాటించు జాగ్రత్తను దేవుని మందిరము పాటించవద్దా?

రెండవది, గదిలో వెలుగు ముఖములపై పడవలెను, కిటికీ మన వెనుక ఉండరాదు. నోట్సు వ్రాయుటకు చూపు త్రిప్పినచో సంభాషణ తెగిపోవును. ప్రార్థన కన్నులు తెరచి చేయవచ్చును. తలపై చేయి ఉంచుటకు ముందు అనుమతి అడుగవలెను.

మూడవది, ప్రమాదకర పరిస్థితులలో తగినవారి యొద్దకు పంపుట. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ 14416 ఫోను సేవగా మొదలైనది, ఫోను బధిరులకు మూసిన తలుపు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టములోని 4వ సెక్షను సమాచారమును సైగల భాషలో ఇచ్చుటను కూడ ప్రస్తావించినది. ఆసుపత్రికి వెంట వెళ్ళు కాపరి ఈ సంగతిని తెలిసికొని అడుగవలెను. పిల్లలపై లైంగిక దాడి తెలిసినచో, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము ఫిర్యాదు చేయుట మన విధి. అక్కడ రహస్యము సాకు కాదు.

నాలుగవది, సెమినరీలో భారతీయ సైగల భాషను ఒక భాషగా, బధిర అధ్యాపకులచే నేర్పించుట. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రము 2018లో 3,000 పదములతో విడుదల చేసిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. గ్రీకు, హెబ్రీ భాషలకు సమయము దొరికిన మనకు దీనికి దొరకదా?

ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది, బధిరులను విద్యార్థులుగా చేర్చుకొని, కౌన్సెలర్లుగా సిద్ధపరచుట. పై నాలుగును వినగలవారమైన మన సామర్థ్యమును పెంచునవి. ఇది ఒక్కటే సేవను వారి చేతులకు అప్పగించునది. ఇట్టి అభ్యర్థి వచ్చినప్పుడు "మా వద్ద సౌకర్యము లేదు" అని పంపివేయుట సులభము. మనలో ఆ మాట అననివారు తక్కువ. ఈ విమర్శ మొదట మాకే తగులునని ఒప్పుకొంటున్నాము.

8. ముగింపు

కాపరి కౌన్సెలింగ్ మొదటి పాఠమును తీసివేయుమని మేము కోరుట లేదు, దిద్దవలెనని కోరుతున్నాము. కౌన్సెలర్ మంచి శ్రోత కావలెనను చోట, ఎదుటివారి భాషలో వారికి అందుబాటులో ఉండువాడు కావలెనని చెప్పుదము. మా ఉదాహరణలోని యువతి వివాహము ఎవరితో జరుగవలెనో చెప్పుట కాపరి పని కాదు. ఆమెను "ఎందుకు?" అని ఆమెకు తెలిసిన భాషలో అడిగించుట, జవాబు పూర్తియగువరకు ఆమె చేతులను చూచుట, తరువాత ఆ తల్లి భయమును కూడ వినుట అతని పని. వచ్చే ఆదివారము మన మందిరములో వెనుక బెంచీని చూతము. అక్కడ కూర్చున్నవారు మనలను ఎంతో కాలముగా చూస్తున్నారు.